ఆగి అడిగే బొమ్మలు

నేను ఉద్యోగం మానేసిన రోజున స్టూడియోలో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. మాట్లాడిన వాళ్ళందరూ ఒకే కథ చెప్పారు. తమిళనాడులోని గుడియాత్తం ఆడవాళ్ళకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు కదా, వాళ్ళ కోసం మేం బొమ్మలు కదిలించి చూపించామట. అవి చూడగానే మనసులో నాటుకుపోయాయట. ఆసుపత్రి పని ఇంట్లోనే చేసుకోవడం నేర్చేసుకున్నారట. "కంట చూసింది కడదాకా ఉంటుంది" అని ఒకాయన సామెతలాగా ముగించాడు కూడా. అలాంటి సామెత ఏదీ లేదు. అప్పటికప్పుడు అల్లాడు.

శాలువా మంచిదే, ఇంటికి తెచ్చుకున్నాను. ఆ కథను మాత్రం తెచ్చుకోలేదు. కంట చూసింది కడదాకా ఉండేదే అయితే, వేలూరు నుంచి గుడియాత్తానికి ఏళ్ళ తరబడి బస్సులో తిరిగిన దాన్ని, పళ్ళికొండ దాటాక ఎడమపక్కన ఏమేం వస్తాయో వరసగా చెప్పగలగాలి. చెప్పలేను. కిటికీ పక్కనే కూర్చునేదాన్ని, కళ్ళు తెరిచే ఉండేవి. ఒకటి చూసేలోగా ఇంకొకటి వచ్చి ముందుదాన్ని తోసేసేది. కదిలే బొమ్మ కూడా బస్సు కిటికీ లాంటిదే. అది నేర్పదు, నేర్చుకున్నామని అనిపిస్తుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికే నా సర్వీసంతా సరిపోయింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు, ముఖ్యంగా కంప్యూటర్ మీద చెయ్యి తిరగగానే పని వచ్చేసిందనుకునేవాళ్ళు, ఇది చదివి నాతో పోట్లాడినా నాకు సంతోషమే.

కేబుల్ టీవీ సారు

మా స్టూడియో వేలూరులో ఒక మందుల షాపు మేడ మీద ఉండేది. ఆసుపత్రులకు, ఫ్యాక్టరీలకు, అప్పుడప్పుడు బడులకు, పని నేర్పే చిన్న చిన్న బొమ్మల వీడియోలు చేసేవాళ్ళం. ఇన్సులిన్ సూది ఎలా వేసుకోవాలి, మంటలార్పే సిలిండర్ ఎలా తెరవాలి, ఇలాంటివి. బొమ్మలు గీసి కదిలించేవాడి పేరు వేలు. ఏది ముందు, ఏది వెనక, ఏది అసలు వద్దు అని తేల్చేది నేను. రోజంతా వద్దు వద్దు అనడమే నా ఉద్యోగం. దానికి జీతం కూడా ఇచ్చారు.

యజమాని సామ్యేల్ సారు. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనిషి. మంచి కన్ను ఉన్నవాడు. రంగు తేడా పడితే గుమ్మంలోంచే పట్టేసేవాడు. కానీ స్టూడియో పెట్టకముందు ఆయన కేబుల్ టీవీ నడిపాడు. తెర మీద బొమ్మ ఆగిందంటే ఊరంతా ఫోన్ చేసి తిట్టే వ్యాపారం అది. అందుకని ఆగిన బొమ్మంటే ఆయనకు వణుకు. మేం ఏం చేసినా అందులో ఏదో ఒకటి కదులుతూ ఉండాలి, వెనక ఏదో ఒకటి మోగుతూ ఉండాలి.

ఆర్కాడు వైపు ఒక తోలు ఫ్యాక్టరీకి ఆసిడ్ కలిపే పద్ధతి మీద వీడియో చేశాం. నీళ్ళలో ఆసిడ్ పొయ్యాలి, ఆసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు. చెప్పాల్సింది అంతే. సారు దానికి డప్పు పెట్టించాడు. మంచి డప్పు. తర్వాత వెళ్ళి పనివాళ్ళను అడిగితే ఒకాయన మొహమాటపడుతూ చెప్పాడు: "పాట శానా బాగుండాదిమ్మా. నోట్లోనే తిరగతా ఉండాది. ఏది దేంట్లో పొయ్యమనిరో, అదే సరిగ్గా జ్ఞాపకం లేదు."

తిరుగుదారిలో నేను ఊరుకోలేదు.

"డప్పు గెలిచింది సార్, ఆసిడ్ ఓడిపోయింది."

"డప్పు లేకుంటే నిద్రపోతారు పద్మా."

"నిద్రపోయినోడు ఆసిడ్ జోలికి పోడు సార్. పాట పాడుకుంటా తిరిగేవోడే పోతాడు."

ఆయన నవ్వాడు. మర్నాడు డప్పు తీసేశాడు. దాని బదులు వేణువు పెట్టాడు.

ఆయన్ని చెడ్డ యజమాని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాదించే ఆడమనిషిని అంతకాలం జీతమిచ్చి పెట్టుకున్న యజమాని ఇంకొకడు మా వేలూరులో ఉంటే చూపించండి. చూసేవాళ్ళు లేచిపోతారేమో అన్నది ఆయన భయం. చూస్తూ కూర్చునీ ఏమీ పట్టుకోరేమో అన్నది నా భయం. పని ఆ రెండు భయాల మధ్యే జరిగేది.

దోపుకున్న కొంగు

ఇక కుప్పమ్మ సంగతి. గుడియాత్తంలో లుంగీలు నేసే మునిరత్నం భార్య. మునిరత్నానికి మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. అలాంటివాళ్ళకు రెండు దారులు. ఒకటి, వారానికి కొన్నిసార్లు వేలూరు వచ్చి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవడం. రెండోది, పొట్టలో ఒక చిన్న గొట్టం అమర్చుకుని, ఇంట్లోనే రోజూ కొన్ని మార్లు మందునీళ్ళు ఎక్కించి, పాతవి దించేయడం. మునిరత్నం బస్సు ఎక్కితే వాంతులు చేసుకుని పడిపోతున్నాడు. మిషన్ దారి పడితే మగ్గం మూలపడుతుంది, మనిషీ మూలపడతాడు. ఇంటి దారి పట్టాలంటే కుప్పమ్మ ఆ పనంతా నేర్చుకోవాలి. గొట్టం మూత తీసేటప్పుడు చెయ్యి మైలపడిందంటే పొట్ట లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆసుపత్రిలో నేర్పించే స్టెల్లా సిస్టర్, తన కళ్ళముందు మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా చేసి చూపించేదాకా ఎవరినీ ఇంటికి పంపదు. ఏడ్చినా పంపదు.

ఆ పని మీదే మేం వీడియో చేశాం. కుప్పమ్మ ఫోన్‌లో వేసిచ్చారు. ఆమె దాన్ని చూసిందే చూసింది.

ఆ వీడియోలో వేలు ఒక ఆడమనిషిని గీశాడు. రెండు పక్కలా ముక్కుపుడకలు, కొప్పులో కనకాంబరాలు, గళ్ళ చీర. అచ్చం మా గుడియాత్తం మనిషి. ఆమె కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. కడుక్కుని, పనికి దిగేముందు కొంగు లాగి నడుములో దోపుకుంటుంది. మా వైపు ఏ ఆడదైనా పని మొదలుపెట్టేముందు చేసేదే అది. వేలు వాళ్ళమ్మను చూసి గీశాడట. సామ్యేల్ సారు చప్పట్లు కొట్టాడు. "ఇదిరా మనూరు!"

"ఇది పనిలో భాగం కాదు, ఎందుకిక్కడ?" అన్నాను నేను.

"ప్రాణం ఉండల్ల గదక్కా బొమ్మకి," అన్నాడు వేలు.

"బొమ్మకు ప్రాణం దేనికి, జబ్బు మనిషికి కావాల గానీ," అన్నాను. ఇద్దరు మగవాళ్ళు, పైగా చప్పట్లు. ఆ వాదన నేను ఓడిపోయాను.

పరీక్ష రోజు నేను గదిలో వెనక కూర్చున్నాను. కుప్పమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళింది. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు, అన్నీ వరస తప్పకుండా రుద్ది కడిగింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారేలా చేతులు పైకెత్తి పట్టుకుంది. చూడముచ్చటగా ఉంది. అలాగే వచ్చి మంచం ముందు నిలబడి, రెండు చేతులతో కొంగు లాగి, గట్టిగా నడుములో దోపుకుని, ఆ చేతులతోనే గొట్టం పట్టుకోబోయింది.

"ఆపు!" అంది స్టెల్లా సిస్టర్.

"ఏం సిస్టర్?"

"చెయ్యి యాడ పెట్టినావు ఇప్పుడు?"

కుప్పమ్మ తన చేతుల వంక చూసుకుంది, కొంగు వంక చూసుకుంది. "బొమ్మలో ఉండే మాదిరే గదా చేసినా. ఆయమ్మ కడుక్కునినంక కొంగు దోపుకునింది. నేనూ దోపుకుంటిని."

మళ్ళీ కడుక్కోమన్నారు. మళ్ళీ దోపుకుంది. ఈసారి చేశాక తనే నాలుక్కరుచుకుంది. మంచం మీది నుంచి మునిరత్నం అన్నాడు: "మా ఇంటిది కొంగు దోపిందంటే యుద్ధానికి పోతా ఉండాదని అర్థం సిస్టర్. ఆపేదానికి పెండ్లయినకాడ్నించీ నావల్లే కాలేదు."

అందరం నవ్వాం. స్టెల్లా సిస్టర్ కూడా నవ్వింది. నవ్వి, ఇంకొక అవకాశమే ఇస్తానని, అప్పటికీ రాకపోతే మిషనేనని చెప్పింది.

వరండాలో కుప్పమ్మ నన్ను పట్టుకుంది. "ఏమ్మా, నాకు తల లేదంటావా?"

"నీకుండాది. మా బొమ్మకే లేదు."

"ఆయన మిషన్‌కు తిరగలేడమ్మా." గొంతు తగ్గించింది. "నవ్వతా ఉండాడని చూడొద్దు. దావలోనే పోతాడు. ఆ మాట నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు."

అంత పెద్ద పనిలో ఆమెకు బాగా పట్టుకున్న ముక్క ఏది? కొంగు. ఎందుకంటే అది ఆమెదే. కొత్త విషయాల మధ్య తెలిసినదొకటి కనిపిస్తే మనసు దాన్నే వాటేసుకుంటుంది. ఊరు కనిపించాలని మేం పెట్టిన అందమే పనిలో ఒక మెట్టయి కూర్చుంది. గుడియాత్తం మనిషి కాకపోతే ఆ తప్పు చేసేది కాదు.

తీసెయ్యడమే పని

స్టూడియోకు వచ్చి వేలుతో పోట్లాట మొదలుపెట్టాను. మొదట మనిషిని తీసెయ్యమన్నాను. ఎదుట నిలబడిన బొమ్మ కుడిచెయ్యి చూసేవాళ్ళకు ఎడమపక్కన ఉంటుంది. కుప్పమ్మ ప్రతిసారీ దాన్ని మనసులో తిప్పుకోవాలి. ఆ తిప్పుకోవడంలో సగం తెలివి ఖర్చయిపోతుంది.

"నీ చేతులు నీకెట్టా కనిపిస్తాయో అట్టా గియ్యి. చేతులే. ఇంకేం వద్దు."

"ముఖం లేకుండానా? దెయ్యం మాదిరి ఉంటాదక్కా."

"దెయ్యమే నేర్పనీ."

కనకాంబరాలు పోయాయి. గోడ మీది క్యాలెండర్ పోయింది. కిటికీలో తోక ఊపే పిల్లి పోయింది. "చాలక్కా, చాలు! ఇంకేం మిగిలిందని తీస్తావు?" అని వేలు మౌస్ బల్ల మీద విసిరి, కిందికి టీకి పోయాడు.

కొంగును మాత్రం తీసెయ్యలేదు. అదే నేను ఆ పనిలో పట్టుకున్న అసలు సంగతి. తీసేసినా కుప్పమ్మ చేతులు దోపక మానవు. అలవాటును బొమ్మలోంచి తీసెయ్యగలం, మనిషిలోంచి తీసెయ్యలేం. దాని చోటు మార్చగలం. కొత్త వీడియో కొంగు దోపుకోవడంతోనే మొదలైంది. చేతులు వచ్చి కొంగు దోపి, గాజులు పైకి తోసి, అప్పుడు కుళాయి తిప్పుతాయి. నీళ్ళు పడ్డాక ఇక గుడ్డ తాకే పని లేదు.

తర్వాత ఇంకొక మాట అన్నాను: ప్రతి మెట్టు దగ్గరా బొమ్మ ఆగిపోవాలి. ఆగి, "తర్వాత ఏం జెయ్యల్ల?" అని అడగాలి. అడిగి ఊరుకోవాలి. చూసే మనిషి చెప్పనీ, చేతులతో చూపించనీ. ఆ తర్వాతే ముందుకు కదలాలి. ఎందుకంటే ఇంటి దగ్గర ఆమెకు ముందుగా చూపించేవాళ్ళు ఎవరూ ఉండరు. తనలోంచి తనే తీసుకోవాలి. తీసుకోవడం ఇక్కడ అలవాటు చెయ్యకపోతే అక్కడ ఎలా వస్తుంది?

సామ్యేల్ సారు నిలబడిపోయాడు. "ఆగిపోతాదా? తెర ఆగిపోతాదా?"

"ఆగిపోతాది."

"పాడయిపోయిందనుకుంటారమ్మా!"

"ఫోన్ చేసి తిట్టేదానికి ఇది కేబుల్ కాదు సార్."

చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి, "వేణువన్నా పెట్టుకోనీ," అన్నాడు. నేను ఆయన వంక చూశాను. "సరే, వద్దులే," అన్నాడు.

ఎవరి గొంతు

ఆ ప్రశ్న అడిగే గొంతు కోసం బయటినుంచి ఒక అమ్మాయిని పిలిపించారు. టీవీల్లో చదివే గొంతు, పాలలో చక్కెర కలిపినట్టు ఉంది. "ఇప్పుడు మీరు ఏం చెయ్యాలి?" అని చదివింది. కుప్పమ్మకు వినిపిస్తే ఆమె కూర్చున్నచోట సర్దుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"బాగలేదా?"

"బాగుండాది. ఎవరో పెద్దింటామె మాదిరి ఉండాది. ఆమెకు నేనేం జవాబు చెప్పేది?"

సామ్యేల్ సారు నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పెయ్ పద్మా. నోరు ఎట్టాగూ మూసుకోవు గదా."

అలా నా గొంతు పెట్టారు. ఏ తీపీ లేదు. పక్కింటి మనిషి గోడ మీద నుంచి అడిగినట్టు ఉంటుంది: "తర్వాత ఏం జెయ్యల్ల?"

ఆ వీడియో చూస్తున్నప్పుడు నేను కుప్పమ్మ వెనక కూర్చునేదాన్ని. తెర వైపు చూసేదాన్ని కాదు. ఆమె భుజాలు, మెడ, చేతులు చూసేదాన్ని. బొమ్మ ఆగేది. నా గొంతు అడిగేది. తర్వాత ఏ చప్పుడూ ఉండదు. మొదట్లో ఆ నిశ్శబ్దంలో ఆమె నా వైపు తిరిగి చూసేది. నేను కిటికీ వైపు చూసేదాన్ని. కొన్నాళ్ళకు తిరగడం మానేసింది. చేతులు ఒళ్ళోంచి కొద్దిగా లేచేవి, గాలిలో ఆగేవి, వెతికేవి, తర్వాత దొరికినట్టు కదిలేవి. లేని గొట్టాన్ని పట్టుకునేవి, లేని మూత తిప్పేవి. నా ఉద్యోగం మొత్తంలో ఇప్పటికీ నాకు కావాలనిపించేది అదొక్కటే. ఒకరి వెనక కూర్చుని, ఆ చేతులు వెతుక్కునే చోట, సాయం చెయ్యకుండా ఊపిరి బిగబట్టుకోవడం. ఇప్పుడు ఏ పనీ లేనప్పుడు, గ్యాస్ మీద పాలు పెట్టుకుని నిలబడినప్పుడు, ఆ మెడ, ఆ భుజాలు కళ్ళముందుకొస్తాయి.

రెండో పరీక్షలో కుప్పమ్మ ముందే కొంగు దోపుకుంది. చేతులు కడుక్కుంది. తర్వాత అన్నీ చేసింది. మధ్యలో ఒకచోట ఆగింది. గదిలో ఎవరం కదలలేదు. ఆమె పెదవులు కదిలాయి. చెయ్యి సరైన చోటికే వెళ్ళింది. స్టెల్లా సిస్టర్ చివరి మూత దాకా చూసి, "ఇంటికి పిలుచుకోని పో," అంది. మునిరత్నం కళ్ళు తుడుచుకుంటూనే, "ఇంక ఇంట్లో కూడా ఈమె చెప్పినట్టే వినల్ల," అన్నాడు.

ఇప్పటివాళ్ళకు

మంచి సలహాలు చెప్పమంటారు. అందం పెట్టొద్దని చెప్పను. పెట్టేముందు, రేపు మనిషికి గుర్తుండేది ఇదేనేమో అని భయపడమంటాను. బొమ్మ చూపించి "అర్థమయిందా?" అని అడగకండి. మా వైపు ఎవరూ కాలేదని చెప్పరు, మర్యాద కోసమైనా తల ఊపుతారు. చేసి చూపించమనండి. మరుసటి రోజు మళ్ళీ చూపించమనండి. చూసిన వెంటనే చేసింది లెక్కలోకి రాదు.

సామ్యేల్ సారు తప్పుకున్నాక వచ్చిన కొత్తవాళ్ళు మంచి చదువు చదివినవాళ్ళే. వీడియో ఆగుతోంది, ఏదో పాడైందని ఫిర్యాదులు వస్తున్నాయని ఆ నిశ్శబ్దాలన్నీ కత్తిరించేశారు. ఫిర్యాదులు నిజంగానే వచ్చాయి. ఆ విషయంలో సారు చెప్పిందే నిజమయింది. ఇప్పుడు వీడియో చకచకా పోతుంది, ఎక్కువమంది చూస్తున్నారు. గొంతు కూడా మార్చేశారు. అందుకే మానేశావా అని అడుగుతారు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి.

వేలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. "రెండు రోజులుగా ఎవరూ వద్దనలేదక్కా, ఏం తోచడంలేదు," అంటాడు. నాకూ తోచదు. ఆ మేడ మెట్లు, కింద మందుల షాపు వాసన, బల్ల మీద విసిరిన మౌస్, సారు ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తూ "పద్మా, పద్మా" అనడం, ఇవన్నీ నేను కావాలని గుర్తుపెట్టుకున్నవి కావు.

కుప్పమ్మ ఇంట్లో

మునిరత్నం ఆ తర్వాత కొన్నేళ్ళు బతికాడు. ఇంట్లోనే ఉన్నాడు, ఓపిక ఉన్నన్నాళ్ళు మగ్గం మీద కూర్చున్నాడు. చివరికి గుండె ఆగి చనిపోయాడు. పొట్టలో చీము ఒక్కసారి కూడా పట్టలేదని స్టెల్లా సిస్టర్ చెప్పింది. ఆమె ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు.

ఈ మధ్య గుడియాత్తం వెళ్ళినప్పుడు కుప్పమ్మను చూడ్డానికి పోయాను. "కూచోమ్మా, కాపీ పెడతా," అని గ్లాసులు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. గ్లాసులు కడిగింది. చేతులు కడుక్కుంది. అంతే, అక్కడే నిలబడిపోయింది. చేతులు రెండూ పైకి లేచి ఉన్నాయి, వేళ్ళు విడివిడిగా, నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

నేను లేచి వెళ్ళాను. "ఏం కుప్పమ్మా?"

"ఏముండాదమ్మా." చేతులు దించలేదు. "నీళ్ళు పడితే చాలు, అట్టా లేస్తాయి. నీ గొంతు వినపడతాది. తర్వాత ఏం జెయ్యల్ల అంటావు."

కడిగిన గ్లాసులు నేను చేతిలోకి తీసుకున్నాను.

"ఏం జెయ్యల్లో అంతా తెలుసు. ఒకటీ మరిచిపోలేదు. చేయించుకునే మనిషే లేడు."

ఏదో ఒకటి అనాలి కదా అని, "కొన్నాళ్ళకు పోతాదిలే," అన్నాను. ఎవరైనా అనే మాటే.

ఆమె చటుక్కున నా వైపు తిరిగింది. "పోతాదా?" అంది.

అంతే అంది. ఆ తర్వాత చేతులు చీరకు తుడుచుకుని, లోపలికి వెళ్ళి కాఫీ పెట్టింది. మేం లుంగీ ధరల గురించి, స్టెల్లా సిస్టర్ కోపం గురించి మాట్లాడుకున్నాం. బస్సు టైమవుతోందని నేను లేచాను. ఆ ఒక్క మాట గురించి అడగలేదు. అడిగే సందు ఆమె ఇవ్వలేదు.

గుర్తుండేలా చెయ్యడానికి మేం పడిన పాట్లు మీకు చెప్పాను. మనిషి వెళ్ళిపోయాక ఆ గుర్తును వెనక్కి తీసుకోవడం ఎలాగో మాలో ఎవరూ ఆలోచించలేదు. మీరు ఆలోచిస్తారేమో, చేతనైతే దారి కనిపెడతారేమో. కానీ అంతకంటే ముందు నాకు తేలాల్సింది ఒకటుంది: కుప్పమ్మ ఆ మాట ఆశతో అడిగిందా, భయంతో అడిగిందా?